సస్క్వెహానా ఒడ్డున గద్దల లెక్క

సస్క్వెహానా నది న్యూయార్క్ రాష్ట్రంలోని ఆట్సెగో సరస్సులో పుట్టి, పెన్సిల్వేనియా కొండల్ని కోసుకుంటూ దక్షిణంగా వచ్చి, మేరీల్యాండ్‌లో హావర్ డి గ్రేస్ ఊరి దగ్గర చెసపీక్ అఖాతంలో కలుస్తుంది. పొడవు సుమారు 715 కిలోమీటర్లు. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. దారి పొడవునా బండలు, లంకలు. నది పెన్సిల్వేనియా సరిహద్దు దాటడానికి కొంచెం ముందు, లాంకస్టర్ కౌంటీ ఒడ్డుకు దగ్గరగా, మౌంట్ జాన్సన్ అనే లంక ఉంది. ఆ లంక మీద ఉన్న ఒక గద్ద గూటిని 1934 నుంచి హెర్బర్ట్ బెక్ అనే ఆచార్యుడు ఏటా కనిపెట్టి చూస్తూ వచ్చారు. లాంకస్టర్‌లోని ఫ్రాంక్లిన్ అండ్ మార్షల్ కళాశాలలో ఆయన రసాయనశాస్త్రం బోధించేవారు. పక్షులను చూడటం ఆయన వ్యాసంగం.

ఆ గూడు బాల్డ్ ఈగిల్ జంటది. ఈ గద్ద తల, మెడ, తోక తెల్లగా, మిగతా ఒళ్ళంతా ముదురు గోధుమరంగులో, ముక్కు పసుపుపచ్చగా ఉంటుంది. రెక్కలు చాస్తే ఆరడుగుల నుంచి ఏడున్నర అడుగుల దాకా వస్తాయి. ముఖ్యమైన ఆహారం చేప కాబట్టి నదులు, సరస్సులు, సముద్రతీరాలు వదిలి దూరంగా గూడు కట్టదు. ఒకసారి కట్టిన గూటికే జంట ఏటా తిరిగి వచ్చి కొత్త పుల్లలు పేరుస్తుంది. అలా పెరిగి పెరిగి గూడు టన్ను బరువు తూగడమూ ఉంది.

1935 నుంచి 1947 వరకు మౌంట్ జాన్సన్ గూట్లో క్రమం తప్పకుండా పిల్లలు లేచాయి. 1947 తర్వాత కూడా పెద్ద పక్షులు వచ్చాయి, గూడు సర్దుకున్నాయి, గుడ్లు పెట్టిన ఆనవాళ్ళూ కనిపించాయి. పిల్లలు మాత్రం లేవు. మరుసటి ఏడూ అంతే, ఆ మరుసటి ఏడూ అంతే. 1962లో రేచల్ కార్సన్ తన ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకంలో ఈ గూటి సంగతి రాసేనాటికీ దాని స్థితి మారలేదు.

అమెరికాలో ఈ పక్షి అంతరించే అంచుదాకా వెళ్ళి తిరిగి వచ్చిన కథను మామూలుగా చట్టాల కథగా, నిషేధాల కథగా చెబుతారు. అది అబద్ధం కాదు. అయితే చట్టసభ కంటే ముందు, ప్రయోగశాల కంటే కూడా ముందు ఆ ప్రమాదాన్ని పసిగట్టింది బెక్ లాంటివాళ్ళు. ఒకే గూటిని, ఒకే కొండ అంచును, ఒకే తీరాన్ని ఏళ్ళ తరబడి చూసి, చూసింది చూసినట్టు తేదీలతో రాసిపెట్టుకున్నవాళ్ళు. ఈ చరిత్రలో వాళ్ళకు దక్కాల్సిన చోటు దక్కలేదని నా నమ్మకం.

1782 జూన్ 20న అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన రాజముద్రలో ఈ గద్దకు స్థానం దొరికింది. ముద్ర మీద ఎంత గౌరవం దక్కినా, బయట తుపాకీ దెబ్బ తప్పలేదు. గొర్రెపిల్లల్ని, కోళ్ళను ఎత్తుకుపోతుందని రైతులు కాల్చారు. సాల్మన్ చేపల్ని తినేస్తుందని జాలరులు కాల్చారు. అలాస్కాలో 1917లో మొదలై 1953లో ఆగేదాకా, చంపిన గద్దకు ఇంత అని ప్రభుత్వ ఖజానా నుంచే బహుమతి ఇచ్చారు. అలా లక్షకు పైగా పక్షులు పోయాయి. 1940లో కాంగ్రెస్ ఈ పక్షిని చంపడాన్ని, పట్టడాన్ని, అమ్మడాన్ని నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు కూడా అలాస్కాను మినహాయించింది.

పెన్సిల్వేనియాలో కిటటిన్నీ అనే పొడవాటి కొండల వరుస ఉంది. హారిస్‌బర్గ్‌కు ఎగువన సస్క్వెహానా ఈ వరుసను చీల్చుకునే కిందికి దిగుతుంది. శరత్కాలంలో ఉత్తరం నుంచి వలసపోయే డేగలు, గద్దలు ఈ కొండకు కొట్టుకుని పైకి లేచే గాలిని ఆసరా చేసుకుని, రెక్క ఆడించకుండా మైళ్ళ కొద్దీ సాగిపోతాయి. నదికి తూర్పున, అదే వరుసలో ఉన్న హాక్ మౌంటెన్ దగ్గర అవి బాగా కిందుగా ఎగురుతాయి. అందుకే వేటగాళ్ళు అక్కడ పోగై, వచ్చిన పక్షినల్లా కాల్చేవారు. 1932లో రిచర్డ్ పౌ అనే యువకుడు ఆ చచ్చిన పక్షుల్ని ఏరి నేల మీద వరుసలుగా పేర్చి ఫోటోలు తీశాడు. ఆ ఘోరం విన్న న్యూయార్క్ మహిళ రోజలీ ఎడ్జ్ 1934లో సుమారు 1,400 ఎకరాల ఆ కొండను లీజుకు తీసుకుని, మారిస్ బ్రౌన్‌ను అక్కడ కాపలా పెట్టారు. ఆ తర్వాత కొండను కొనేశారు కూడా.

బ్రౌన్ వేటగాళ్ళను ఆపడంతో సరిపెట్టుకోలేదు. శరత్కాలమంతా కొండ అంచున కూర్చుని, పోయే ప్రతి పక్షినీ జాతివారీగా లెక్క రాశారు. గద్దల విషయంలో వయసు కూడా రాశారు. అది కష్టమైన పనేమీ కాదు. పిల్ల గద్దకు తెల్లతల ఉండదు. తల నుంచి తోక దాకా మచ్చల మచ్చల గోధుమరంగులో ఉంటుంది. నాలుగైదేళ్ళు గడిస్తేగాని తల, తోక పూర్తిగా తెల్లబడవు. కాబట్టి దూరం నుంచి కూడా ఇది పెద్దది, ఇది పిల్ల అని చెప్పవచ్చు.

1935 నుంచి 1939 వరకు హాక్ మౌంటెన్ మీదుగా పోయిన గద్దల్లో 40 శాతం పిల్లలు. 1955 నుంచి 1959 వరకు చూస్తే 20 శాతమే. 1957లో అయితే 32 పెద్ద పక్షులకు ఒక్క పిల్ల.

గద్ద ఇరవై ఏళ్ళు సులువుగా బతుకుతుంది, కొన్ని ముప్ఫై కూడా చూస్తాయి. పిల్లలు లేవడం పూర్తిగా ఆగిపోయినా, పదేళ్ళ పాటు నది మీద తెల్లతలలు కనిపిస్తూనే ఉంటాయి. కుర్రకారు వలసపోయిన పల్లెలో అరుగుల మీద పెద్దవాళ్ళు ఎప్పటిలాగే కనిపిస్తారు, బడి హాజరుపట్టీ తెరిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. గద్దల విషయంలో ఆ హాజరుపట్టీ బ్రౌన్ దగ్గర ఉంది. మొత్తం ఎన్ని అని మాత్రమే రాసుకుని ఉంటే, ఆ పుస్తకం 1957లో కూడా పెద్దగా ఏమీ చెప్పి ఉండేది కాదు.

ఇదే కథ దక్షిణాన ఫ్లోరిడాలో మరో మనిషి చేతుల్లో నడిచింది. చార్లెస్ బ్రోలీ కెనడాలోని విన్నిపెగ్‌లో బ్యాంకు మేనేజరుగా చేసి విరమించారు. చలికాలం ఫ్లోరిడాలో గడపబోతున్న ఆయన చేతికి గద్దల కాళ్ళకు వేసే నంబరు కడియాలు ఇచ్చి పని అప్పగించింది, హాక్ మౌంటెన్ ఫోటోలు తీసిన రిచర్డ్ పౌ గారే. 1939లో, అరవై ఏళ్ళు దగ్గరపడిన వయసులో, బ్రోలీ తాళ్ళు, తాడు నిచ్చెనలు వేసుకుని ఫ్లోరిడా పశ్చిమ తీరంలోని ఎత్తయిన చెట్లెక్కడం మొదలుపెట్టారు. గూడు అంచుకు చేరి, లోపలి పిల్లను పట్టి, కాలికి కడియం వేసి, మళ్ళీ గూట్లో దింపి రావాలి. మొత్తం మీద సుమారు 1,200 పిల్లలకు కడియాలు వేశారు. ఆయన కడియాలు అట్లాంటిక్ తీరం వెంబడి పైకి, కెనడా దాకా దొరికాయి. ఫ్లోరిడాలో పుట్టిన గద్దలు వేసవికి ఉత్తరాదికి పోతాయన్న సంగతి అలా తేలింది. హాక్ మౌంటెన్ మీద బ్రౌన్ లెక్కపెట్టిన పక్షుల్లో ఫ్లోరిడా గూళ్ళ నుంచి వచ్చినవీ ఉన్నాయన్న మాట.

1947 తర్వాత బ్రోలీకి పిల్లలు దొరకడం తగ్గింది. 1952 నుంచి 1957 మధ్య ఆయన చూసిన గూళ్ళలో 80 శాతం వరకు పిల్లలు లేవలేదు. 1957లో 43 గూళ్ళలో జంటలు ఉంటే, 7 గూళ్ళలోనే పిల్లలు లేచాయి. 23 గూళ్ళలో గుడ్లు పెట్టినా పిల్లలు లేవలేదు. మిగిలిన 13 గూళ్ళలో గుడ్లే లేవు, పక్షులు ఊరికే కూర్చుని తినిపోయాయి. 1958లో వంద మైళ్ళకు పైగా తీరమంతా గాలిస్తే ఒక్క పిల్ల దొరికింది. కారణం డీడీటీ అయి ఉంటుందని బ్రోలీ అప్పుడే రాశారు. ఆ మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు.

డీడీటీకి కీటకాలను చంపే గుణం ఉందని 1939లో పాల్ మ్యుల్లర్ కనుగొన్నారు. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. యుద్ధకాలంలో టైఫస్‌ను, మలేరియాను అదుపుచేసింది ఆ మందే. మన దేశంలోనూ 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక ఊరూరా ఇంటి గోడలకు డీడీటీ కొట్టారు. అది నిలబెట్టిన ప్రాణాలను లెక్కలోంచి తీసేయడం న్యాయం కాదు. అమెరికాలో యుద్ధం ముగిసిన 1945లో అది మామూలు జనం చేతికి వచ్చింది. పొలాలు, తోటలు, అడవులు, వీధుల్లోని ఎల్మ్ చెట్లు, దోమలు పెరిగే ఉప్పునీటి బురదనేలలు, ఒకటేమిటి, అన్నింటి మీదా చల్లారు. చాలాచోట్ల విమానాలతో చల్లారు.

అలా చల్లింది వానలకు నదిలోకి వస్తుంది. నీటిలో కలవదు, కొవ్వులో కలుస్తుంది. నాచు తిన్న పురుగులోకి, పురుగును తిన్న చిన్న చేపలోకి, దాన్ని తిన్న పెద్ద చేపలోకి ఎక్కుతూ, మెట్టు మెట్టుకూ గాఢత పెరుగుతూ పోతుంది. చివరి మెట్టు మీద ఉన్నది గద్ద. దాని ఒంట్లో డీడీటీ మారి డీడీఈ అవుతుంది. ఆడపక్షిలో గుడ్డు పెంకు తయారయ్యే చోటికి సున్నం సరిగా చేరకుండా డీడీఈ అడ్డుపడుతుంది. పెంకు పల్చబడుతుంది. గద్ద గుడ్లను సుమారు 35 రోజులు పొదగాలి. అన్ని రోజులు తల్లిదండ్రుల బరువు మోయలేక పల్చటి గుడ్డు పొదుగు కిందే చితికిపోతుంది, లేదా లోపలి పిల్ల చనిపోతుంది.

ఇదంతా మనకు ఇప్పుడు తెలుసు. 1950ల్లో తెలియదు. మేరీల్యాండ్‌లోని పటక్సెంట్ పరిశోధన కేంద్రంలో జేమ్స్ డెవిట్ కౌజులకు, ఫెజెంట్లకు డీడీటీ కలిపిన మేత పెట్టి చూశారు. పెద్ద పక్షులు బాగానే ఉన్నట్టు కనిపించినా పిల్లలు బతకలేదు. ఇలాంటి పరీక్షల మీద రేచల్ కార్సన్‌కు చాలాముందే కన్ను పడింది. పెన్సిల్వేనియాలో అలెఘెనీ నది ఒడ్డున స్ప్రింగ్‌డేల్ ఊళ్ళో పుట్టిన ఆమె, కేంద్ర ప్రభుత్వ మత్స్య వన్యప్రాణి శాఖలో పనిచేసేవారు. 1945లోనే పటక్సెంట్ పరీక్షల మీద వ్యాసం రాస్తానని ‘రీడర్స్ డైజెస్ట్’కు ఉత్తరం రాస్తే ఆ పత్రిక వద్దంది. 1960లో పుస్తకం రాస్తూ ఆమె గద్దల లెక్కలు కావాలని మారిస్ బ్రౌన్‌కు రాశారు. అలా బ్రౌన్ కొండ లెక్క, బ్రోలీ గూళ్ళ లెక్క, బెక్ లంక లెక్క ఒకే అధ్యాయంలోకి చేరాయి.

పురుగుమందుల కంపెనీలు కార్సన్ మీద విరుచుకుపడ్డాయి. ఆ దాడుల సంగతి ఎందరో రాశారు, ఇక్కడ తిరిగి చెప్పను. ఒక అభ్యంతరంలో మాత్రం పస ఉంది. పిల్లలు తగ్గాయన్నది నిజమే, కాని డీడీటీ వల్లే తగ్గాయని రుజువేది? ఆ రుజువు ఎవరూ ఊహించని చోట దొరికింది. పందొమ్మిదో శతాబ్దం నుంచి పక్షుల గుడ్లు సేకరించడం అటు బ్రిటన్‌లో, ఇటు అమెరికాలో పెద్ద పిచ్చి. చెట్లెక్కి గుడ్లు దొంగిలించి, లోపలిది ఊదేసి, చోటు, తేదీ రాసి పెట్టెల్లో దాచేవారు. మ్యూజియాల్లో ఆ పెట్టెలు వేల కొద్దీ ఉన్నాయి. డెరిక్ రాట్‌క్లిఫ్ బ్రిటన్ పెరెగ్రిన్ డేగల పాత గుడ్లను కొలిచి, పెంకులు పల్చబడ్డాయని 1967లో ప్రకటించారు. మరుసటి ఏడాది జోసెఫ్ హికీ, డేనియల్ ఆండర్సన్ అమెరికా మ్యూజియాల్లో బాల్డ్ ఈగిల్‌తో సహా పలు జాతుల గుడ్లను కొలిచారు. దశాబ్దాల పాటు మారని పెంకు మందం ఒక్కసారిగా పడిపోయిన సంవత్సరం 1947.

బెక్ గూట్లో పిల్లలు లేవడం ఆగిందీ, బ్రోలీ కడియాలకు పిల్లలు కరువవడం మొదలైందీ అక్కడి నుంచే. ఒకరు లంకలో, ఒకరు ఫ్లోరిడా చెట్ల మీద, మిగిలినవారు మ్యూజియం బల్లల దగ్గర, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ ఒకే సంవత్సరాన్ని వేలెత్తి చూపించారు. శాస్త్ర చరిత్రలో ఇంత సూటిగా కుదిరిన సాక్ష్యాలు అరుదు.

తర్వాతి ఘట్టాలు త్వరగా చెప్పుకోవచ్చు. అలాస్కా, హవాయి కాకుండా మిగిలిన 48 రాష్ట్రాల్లో 1963లో లెక్కకు వచ్చిన గద్ద జంటలు 417. డీడీటీ మీద నెలల తరబడి సాగిన విచారణ తర్వాత 1972 ఏప్రిల్‌లో విచారణాధికారి డీడీటీకి అనుకూలంగా చెప్పినా, పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి విలియం రకల్స్‌హాస్ ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి జూన్‌లో నిషేధం ప్రకటించారు. ఆ ఏడాది డిసెంబర్ 31 నుంచి అది అమలైంది.

నిషేధంతో విషం ఆగిందేగాని, ఖాళీ అయిన నదులకు గద్దలు వాటంతట అవే తిరిగి రాలేదు. 1980లో పెన్సిల్వేనియా మొత్తానికి మిగిలినవి మూడు గూళ్ళు, మూడూ రాష్ట్రం వాయవ్య మూలనే. సస్క్వెహానా ఆ మూలకు చాలా దూరం. గద్ద పెద్దయ్యాక తాను ఎగరడం నేర్చిన ప్రాంతానికే తిరిగి వచ్చి గూడు కడుతుంది. అందుకని పిల్లల్ని తెచ్చి ఈ నది ఒడ్డునే పెంచాలని రాష్ట్ర వేట శాఖ నిర్ణయించింది. 1983 నుంచి ఏడేళ్ళ పాటు దాని సిబ్బంది కెనడాలోని సస్కాచువాన్ అడవులకు వెళ్ళారు. చెట్లెక్కి, ఒకటికి మించి పిల్లలున్న గూళ్ళ నుంచి మాత్రమే, తల్లిదండ్రులకు ఒకటి వదిలి, పిల్లను తీసుకున్నారు. తొలి ఏడాది 12, మొత్తం 88.

వాటిని పెంచిన రెండు చోట్లలో ఒకటి హారిస్‌బర్గ్‌కు ఎగువన, జునియాటా నది సస్క్వెహానాలో కలిసే చోటున్న హాల్డెమన్ లంక. స్తంభాల మీద ఎత్తుగా గూడులాంటి గదులు కట్టారు. ముందువైపు ఊచలు, ఊచల్లోంచి కింద నది. పిల్లలకు మనిషి ముఖం కనిపించకూడదు, మనిషికి మచ్చికైన గద్ద అడవిలో బతకలేదు. అందుకే వెనక నుంచి, చాటుగా చేపలు అందించారు. రెక్కలు గట్టిపడే పన్నెండో వారం నాటికి ఊచలు తీసేశారు. ఎగిరిపోయాక కూడా వేట నేర్చుకునేదాకా అక్కడ చేపలు పెడుతూనే ఉన్నారు. అవి తెల్లతలలతో తిరిగి రావడానికి మరో నాలుగైదేళ్ళు ఆగాలి. ఓర్పుగా ఆగారు. 2014లో పెన్సిల్వేనియా తన రాష్ట్ర ప్రమాద జాబితా నుంచి ఈ పక్షిని తొలగించింది. తర్వాతి సంవత్సరాల్లో గూళ్ళ సంఖ్య 300 దాటింది.

ఆ 48 రాష్ట్రాల్లో 2007లో 9,789 జంటలు ఉన్నాయని తేల్చి, కేంద్ర ప్రమాద జాబితా నుంచి పేరు తీసేశారు. 2021లో వెలువడిన ప్రభుత్వ నివేదిక, అలాస్కా కాకుండా, 71,467 గూళ్ళు, సుమారు 3,16,700 పక్షులు ఉన్నాయని అంచనా వేసింది. రాజముద్రకు ఎక్కిన 242 ఏళ్ళకు, 2024 డిసెంబర్‌లో, దీన్ని జాతీయ పక్షిగా చట్టం గుర్తించింది.

మౌంట్ జాన్సన్‌కు దిగువన, సరిహద్దు దాటాక, మేరీల్యాండ్‌లో కానొవింగో ఆనకట్ట ఉంది. 1928లో పూర్తయింది. షాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి నదిలో పైకి ఈదే దారిని మూసేసిన పాపం ఈ కట్టకూ ఉంది. ఇప్పుడు అదే కట్ట కింద, ఏటా నవంబర్‌లో, గద్దలు పదుల సంఖ్యలో చేరతాయి. టర్బైన్లు తిప్పబోయే ముందు సైరన్ మోగుతుంది. ఆ మోతకు ఒడ్డున ఉన్న మనుషులు వెనక్కి జరుగుతారు, చెట్ల మీది గద్దలు మెడలు సాచి నీటివైపు చూస్తాయి. నీటిమట్టం గబగబా లేస్తుంది. టర్బైన్లలోంచి వచ్చే నీటితో పాటు సొమ్మసిల్లిన చేపలు పైకి తేలుతాయి. గద్ద ఏటవాలుగా దిగి, కాళ్ళు ముందుకు చాచి, ఒళ్ళు తడవకుండా చేపను ఎత్తుకుపోతుంది. వెంటనే మరో రెండు దాని వెంటపడతాయి. ఒకటి గాల్లోనే వెల్లకిలా తిరిగి గోళ్ళు చూపిస్తుంది, చేప జారుతుంది, కిందనున్నది అందుకుంటుంది. ఆ పెనుగులాటలో తెల్లతలలు ఎన్నో, మచ్చల గోధుమరంగు తలలు కూడా అన్నే. బెక్ ఆచార్యుడు పదేళ్ళకు పైగా చూడాలని ఎదురుచూసినవి ఆ గోధుమరంగు తలలే.

ఆపద పూర్తిగా తొలగలేదు. 38 రాష్ట్రాల్లో 1,210 బాల్డ్, గోల్డెన్ ఈగిల్ గద్దలను పరీక్షించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం పక్షుల ఎముకల్లో దీర్ఘకాలపు సీసం విషం కనిపించింది. వేటగాడు వదిలేసిన జింక పేగుల్లో తూటా తునకలు ఉంటాయి, గద్ద వాటితో సహా తింటుంది. రాగి తూటాలు వాడితే ఇది తప్పుతుంది.

బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, హారిస్‌బర్గ్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకు కానొవింగో గంట, గంటన్నర ప్రయాణం. నవంబర్‌లో ఒక ఉదయం పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. సైరన్ మోగితే నీటి దగ్గర నిలబడకండి. గూడు కనిపిస్తే కనీసం 330 అడుగుల దూరంలో ఉండండి. నేల మీద ఈక దొరికినా ఇంటికి తెచ్చుకోకండి, 1940 నాటి చట్టం ప్రకారం అది నేరం. చూసిన గద్దల్లో పెద్దవి ఎన్ని, పిల్లలు ఎన్ని అన్నది విడివిడిగా, తేదీతో రాసి, ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో నమోదు చేయండి. మరుసటి ఏడాది మళ్ళీ అక్కడికే వెళ్ళి మళ్ళీ రాయండి.